చేతిలోతు నీళ్లు

"కుర్చీ ఎవలు తిప్పిన్రు?"

అరుగు మీద నిలబడి ఆండాళమ్మ అడిగిన తీరుకు, కొట్టంలో పెండ ఎత్తుతున్న బిక్షమ్మ ఇంట్లో దొంగలు పడ్డారేమోననుకుని గంప కింద పెట్టేసింది. దొంగలెవరూ పడలేదు. బందరు నుంచి రైల్లోనూ బస్సులోనూ బండి మీదా మోసుకొచ్చిన క్యాన్వాసు పడక్కుర్చీ తూర్పుకు కాకుండా ఉత్తరానికి మొహం పెట్టి ఉంది. అంతే.

"నేనే తిప్పిన అత్తమ్మా. అరుగు అలుకుతుంటె అడ్డమొచ్చింది" అంది కోడలు యాదలక్ష్మి, చేతులు కడుక్కుంటూ.

"అలికినంక మల్ల మునుపటి లెక్క పెట్టొద్దా? మీ మామ తూర్పు దిక్కు మొఖం పెట్టి కూసుంటడని తెల్వదా?"

"కూసునేటప్పుడు తిప్పుకుంటడు. గంత బరువేం లేదు గద."

"ఆయన కుర్చీలు తిప్పుకుంట కూసోవాల్నా? తూర్పు నుంచి సముద్రం గాలొస్తదని ఎన్నిమాట్ల చెప్పిన నీకు?"

యాదలక్ష్మి తూర్పు వైపు చూసింది. అరుగుకు ఎదురుగా గొడ్ల కొట్టం. దాని వెనక పెంటకుప్ప. ఆ వెనక ఎండకు అప్పుడే సెగలు కక్కుతున్న నల్లరాతి గుట్ట. సముద్రం ఆ దిక్కునే ఉందన్న మాట అబద్ధం కాదు. నల్లగొండ జిల్లా సగమూ, కృష్ణా జిల్లా మొత్తమూ దాటిపోతే అదే వస్తుంది.

"ఈడికొచ్చేది పెండ వాసన అత్తమ్మా. కావాల్నంటె బిక్షమ్మను అడుగు."

బిక్షమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏం నవ్వుతవే? నువ్వెన్నడన్న సముద్రం చూసినవా?"

"నాకేడి సముద్రం దొరసానమ్మా! మన చెరువుల మోకాల్లోతు నీళ్లుంటె గదే నాకు సముద్రం. అవుగని, సముద్రం కాడ ఉప్పు ఊకెనే దొరుకుతదంట గద, ఒక మూటన్న తేకపోతివి?"

"పో, పో, పని చూసుకో" అంది ఆండాళమ్మ. యాదలక్ష్మి కుర్చీని తూర్పుకు తిప్పింది. అత్తగారు దాన్ని ఇంకో వేలెడు జరిపి, దూరం నుంచి చూసి, మళ్లీ వేలెడు వెనక్కి జరిపింది. కాసేపటికి రఘుపతిరెడ్డి వచ్చి అందులో వాలి, కళ్లు మూసుకుని, గట్టిగా ఊపిరి పీల్చి "ఆహా" అన్నాడు. సరిగ్గా అప్పుడే కొట్టంలో బిక్షమ్మ తడిపెండ గంపకెత్తింది.

రఘుపతిరెడ్డి రాళ్లవంచకు మాలీపటేలు. దేవరకొండ తాలూకాలో, గుట్టల మధ్య ఉన్న ఊరికి శిస్తు వసూలు చేసే మనిషి. పెద్ద జాగీరేమీ కాకపోయినా, ఊళ్లో తనకంటే పెద్దవాడు లేడు కాబట్టి బిక్షమ్మలాంటి వాళ్లు దొర అనేవాళ్లు. ఆయన వద్దనేవాడు కాదు. రజాకార్లు వచ్చినప్పుడు షేర్వానీ తొడిగి, రూమీ టోపీ పెట్టి, కోళ్లు కోయించి పెట్టాడు. కమ్యూనిస్టుల సంఘం వాళ్లు వచ్చినప్పుడు ధాన్యం పాతర్లోకి దిగి, పైన గడ్డి కప్పించుకున్నాడు. నువ్వు ఎవరి మనిషివని ఇద్దరూ ఒకే వారంలో అడిగేసరికి బండ్లు కట్టించి, భార్యనూ కోడల్నీ మనవరాలు కమలనూ కోదాడ దాటించి, బెజవాడ మీదుగా బందరు దగ్గర సముద్రం ఒడ్డున సరుగుళ్లపాలెం అనే పల్లెలో దింపాడు. కోటిలింగం అనే ఆసామి దగ్గర తాటాకు కప్పిన రెండు గదుల ఇల్లు కిరాయికి తీసుకున్నాడు. తనూ కొడుకు పురుషోత్తమూ మాత్రం, దేశ పరిస్థితులు కనిపెట్టి చూడడానికి బెజవాడ సత్రంలో ఉండిపోయారు. అక్కడ నైజాం ఇలాకా నుంచి వచ్చిన పటేళ్లూ పట్వారీలూ చాలామంది ఉండేవారు. పరిస్థితుల్ని పేకలు పట్టుకుని కనిపెట్టేవారు.

యూనియన్ సైన్యం వచ్చి నిజాం లొంగిపోయాక రఘుపతిరెడ్డి ఖద్దరు టోపీ పెట్టుకుని ఊళ్లోకి దిగాడు. సంఘం పంచేసిన తన భూముల్ని పోలీసుల్ని వెంటేసుకుని తిరిగి పట్టుకున్నాడు. రూమీ టోపీని పారేయలేదు. ఎప్పుడు ఏ అవసరం పడుతుందోనని కలరా ఉండలు వేసి పెట్టెలో పెట్టించాడు. పెట్టింది యాదలక్ష్మే. టోపీని మడతపడకుండా పెట్టమని మామగారు రెండుసార్లు చెప్పడం ఆమె మరిచిపోలేదు.

సముద్రం ఒడ్డున ఆడవాళ్ల బతుకు ఎలా గడిచిందో ఆయన అడగలేదు. అడిగితే చెప్పడానికి చాలా ఉంది. మొదటి రోజే చుట్టుపక్కల అమ్మలక్కలు వచ్చి, వీళ్లతో నాలుగు మాటలు మాట్లాడించి, కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వుకుంటూ వెళ్లారు. వెళ్లినవాళ్లు ఇంకొంతమందిని వెంటబెట్టుకొచ్చారు. "మాట్లాడండి పిన్నిగారూ, మీ వాళ్లలాగా మాట్లాడండి" అని ఆండాళమ్మను బతిమాలేవారు. ఊళ్లో పటేలమ్మగా చెల్లిన మనిషి, అక్కడ సంతలో ఆడించే ఎలుగుబంటిలాగా అయిపోయింది. ఆ రాత్రుల్లో ఆమె గోడవైపు తిరిగి పడుకునేది. ఇనప్పెట్టె తుప్పు పట్టింది. దుప్పట్లు ఎంత ఎండబెట్టినా జిగట పోలేదు. ఎండుచేపల వాసన పిల్ల జుట్టులో దూరింది.

అన్నిటికంటే నీళ్లు. మాఘంలో వెళ్లినప్పుడు ఇంటిముందు ఇసక బావి తియ్యగానే ఉంది. చైత్రం వచ్చేసరికి నాలుకకు ఏదో తేడా తెలిసింది. వైశాఖంలో కందిపప్పు పొద్దున పొయ్యి మీద పెడితే మధ్యాహ్నానికి కూడా పలుకు పలుకుగానే ఉండేది. జ్యేష్ఠానికి నీళ్లు నోట్లో పోసుకుంటే ఉమ్మేయాల్సిందే. పొలాలకు అవతల ఉన్న చెరువు నుంచి నాగులమ్మ అనే ఆమె కావడి మీద తెచ్చి పోసేది. ఆమె రాని రోజు, ఉన్న నీళ్లన్నీ కమలకు దాచి, అత్తాకోడళ్లు కొబ్బరిబొండాలతో గడిపేవారు. కుంకుడుకాయ నురగ రాదు. తల జడలు కట్టింది. ఆండాళమ్మ ఏడ్చింది. యాదలక్ష్మి ఏడవలేదు గానీ, రాళ్లవంచ బావి కలలోకి వచ్చేది.

ఆషాఢం వానలకు బావి నీళ్లు మళ్లీ తియ్యనయ్యాయి. శ్రావణంలో రఘుపతిరెడ్డి చూసిపోవడానికి వచ్చాడు.

రాళ్లవంచ మనిషి ఏ భూమిని చూసినా మొదట ఒకటే అడుగుతాడు. నీళ్లు ఎంత లోతున పడతాయని. ఆ ఊళ్లో బావి తవ్వడమంటే రాతిగుండును పేల్చి, పగిలిన రాయిని గంపల్లో పైకెత్తి, మళ్లీ పేల్చడం. తండ్రి మొదలుపెడితే కొడుకు కాలానికి ఊట తగులుతుంది. తగలకపోతే ఆ గుంతను మనవడు పూడుస్తాడు. పిల్లనిచ్చేవాళ్లు కూడా ఇల్లు చూడకముందు బావి చూస్తారు. అలాంటి ఊరివాడికి కోటిలింగం ఇసకలో కూర్చుని చేత్తో గుంట తీసి చూపించాడు. మోచేతి లోతున నీళ్లూరాయి. రఘుపతిరెడ్డి వంగి దోసిట పట్టి తాగాడు. మళ్లీ తాగాడు. కళ్లజోడు తుడుచుకున్నాడు.

"గుండు లేదు, మోట లేదు! చెయ్యి పెడితె నీళ్లు!" అన్నాడు. అని, ఆ రోజంతా ఎక్కడ పడితే అక్కడ కూర్చుని చేత్తో గుంటలు తీశాడు. పాలెం పిల్లలు వెనకాల తిరిగి నవ్వుకున్నారు. ఎండాకాలంలో ఎట్లుంటయని ఇంట్లో ఉన్న ఇద్దరు ఆడవాళ్లలో ఏ ఒక్కర్నీ అడగలేదు. నీళ్ల సంగతి మగవాళ్లది. కుండలో పోసుకున్నాకే ఆడవాళ్లది.

ఊరికి తిరిగొచ్చాక ఆండాళమ్మ వేరే మనిషి అయింది. పొద్దు వాలితే అరుగు మీద నలుగురు ఆడవాళ్లను కూర్చోబెట్టుకుని సముద్రం కథలు చెప్పేది. అక్కడ గాలికి విసనకర్ర అవసరమే రాదంది. అక్కడి ఆడవాళ్లు తనను పిన్నిగారూ పిన్నిగారూ అని విడిచిపెట్టేవాళ్లు కారంది. అది మాత్రం నిజమే. "ఇంటి ముంగటనే బాయి. తాడు కూడ అక్కెర లేదు, వంగి చెంబు ముంచుకునుడే" అంది. ఏ నెలలో ముంచుకునేదో చెప్పలేదు. మనిషి పడ్డ అవమానాన్ని ఇలా బంగారు పూత పూసి అమ్ముకోవడం యాదలక్ష్మికి ఏవగింపుగా ఉండేది. అయినా అరుగు మీదివాళ్లు "అవునా లచ్మమ్మా?" అని తన వైపు తిరిగితే, "ఆ" అని లోపలికి వెళ్లిపోయేది. అత్తగారి పరువును నలుగురిలో తీయడం ఎందుకని.

ఆ "ఆ"లన్నీ కలిసి తన మెడకే చుట్టుకుంటాయని అప్పుడు అనుకోలేదు.

ఎండాకాలపు ఏసంగి వరి కోతకొచ్చిన రోజుల్లో పురుషోత్తం భార్యను వెతుక్కుంటూ పొలానికి వచ్చాడు. అతను పొలానికి రావడమే వింత. నల్లమల అడవుల్లో సంఘం దళాలు ఇంకా తిరుగుతున్నాయని తండ్రీకొడుకులిద్దరూ ఊరు దాటరు. రాత్రిళ్లు బడిలో ఉన్న పోలీసు క్యాంపు వసారాలోనే పడుకుంటారు. ఆడమనిషిని ఎవరేం చేస్తారులే అని పొలం చూసుకునే పని యాదలక్ష్మి మీద పడింది. ఎవరూ అప్పగించలేదు. గింజ ఇంటికి రావాలి కాబట్టి ఆమె వెళ్లింది.

అది ఆమె భూమి. పెళ్లినాడు పసుపు కుంకుమల కింద తండ్రి రాసిచ్చింది. చెరువు కింద ఎనిమిదెకరాలు, రాతిలోకి దింపిన బావి. సంఘం వాళ్లు పటేలు భూములన్నీ పంచినప్పుడు కూడా, ఆడబిడ్డ పసుపు కుంకుమల భూమి అని దాని జోలికి పోలేదు. కురుమయ్య అనే పాలుదారు ఆ గొడవల్లో కూడా దున్నాడు, కోశాడు, ఆమె పాలు ఆమెకు దాచిపెట్టాడు. ఇప్పుడు పటేలు ఇంట్లో ఉడుకుతున్న బియ్యం ఆ మళ్లలోవే. ఆయన భూముల్లో ఈ ఏడు కూలికి ఎవరూ దిగలేదు.

పురుషోత్తం నోట్లో నాలుక ఉందని ఊళ్లో అందరికీ తెలుసు. తండ్రి ముందు మాత్రం దాన్ని ఎవరూ చూడలేదు. బావిగట్టు మీద నిలబడి, గుట్టవైపు ఒకసారి భయంగా చూసి, అసలు సంగతి చెప్పాడు.

"బాపు మాటిచ్చిండు."

"ఎవలికి?"

"కోటిలింగం గారికి. సముద్రం ఒడ్డుకు వరసగ ఇండ్లు కడుతున్నడంట. నైజాం దిక్కు నుంచి వచ్చిన పెద్దోళ్లకు. ముంగట వసారా, ఎనక కొబ్బరితోట. మనకొకటి పట్టి పెట్టమన్నడు. ఇగ అందరం ఆడికే పోతం. ఈ సంఘం, ఈ పోలీసులు, ఏ ఫికరూ ఉండదు."

"పైసలు?"

"శుక్రారం దేవరకొండ సావుకారి వస్తడు." అతను చేతికర్రతో నేలమీద గీతలు గీశాడు. "ఈ భూమి తీసుకుంటనన్నడు. నువ్వు అవునంటె సాలు."

"నేను అవునంటనని ఎవలు చెప్పిన్రు?"

"కాదంటవా?" అన్నాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"మీ బాపు భూములున్నయి గద. అవి అమ్మమను."

"అవెవడు కొంటడు? సంఘపోళ్లు పంచిరి, మనం పోలీసోళ్లతోటి గుంజుకుంటిమి. రేపు ఎవనివైతయో! నీ భూమికైతె ఏ పేచీ లేదు."

అంటే, పోట్లాటలేని భూమి ఉండడమే తన తప్పు. యాదలక్ష్మి కోస్తున్న వరి వైపు చూసింది. కంకులు బరువుగా వాలి ఉన్నాయి.

"ఆడ ఎండకాలంల నీళ్లు ఉప్పయితయి. తెలుసా?"

"బాపు తాగి చూసిండు. కొబ్బరినీళ్ల లెక్క ఉన్నయన్నడు."

"ఎన్నడు తాగిండు? శ్రావణంల, ముసురు పట్టిన దినాలల్ల. ఇప్పుడు పోయి తాగమను."

"నీకు పోవుడు ఇష్టం లేక అంటున్నవు. అమ్మ గట్ల ఎన్నడూ అనలే గద? అమ్మ ఒక్కతీరుగ చెప్తది, వంగి చెంబు ముంచుకునుడే అని. బాపు గా మాట విన్నంకనే ఖాయం చేసిండు."

యాదలక్ష్మికి ఒక్కసారి నవ్వొచ్చింది. మంచి నవ్వు కాదు. శ్రావణంలో దోసెడు తాగినవాడు, జ్యేష్ఠంలో ఉమ్మేసినామె చెప్పిన గొప్పలను సాక్ష్యంగా తీసుకుని ఊరు మార్చబోతున్నాడు. మధ్యలో తన ఎనిమిదెకరాలు.

"నువ్వేమనుకుంటున్నవు? నీ సొంతానికి?" అని అడిగింది భర్తను.

పురుషోత్తం ఆలోచించాడు. "బాపు అనుకున్నదే" అన్నాడు. చీకటి పడకముందే ఇల్లు చేరాలని తొందరపడుతూ వెళ్లిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం అత్తాకోడళ్లు చింతపండు గింజలు తీస్తూ కూర్చున్నారు. ఆండాళమ్మ రాతిమీద పెట్టి చిన్న సుత్తితో కొడుతుంటే యాదలక్ష్మి గింజ వేరు చేసి, పండును ఉండలు కడుతోంది.

"అత్తమ్మా, నీళ్ల సంగతి మామకు నువ్వు చెప్పాలె."

సుత్తి ఆగింది. "ఏం నీళ్లు?"

"ఏం నీళ్లా? జ్యేష్ఠమాసంల నాగులమ్మ కావడి కోసం మనం గడపల కూసున్న నీళ్లు. నువ్వు ఏడ్చిన నీళ్లు."

"నేనెప్పుడేడ్చిన?" ఆండాళమ్మ మళ్లీ కొట్టడం మొదలుపెట్టింది. "గాలికి కండ్లు మండేటియి."

"నువ్వు చెప్తె ఆగుతడు. నేను చెప్తె, పోవుడు ఇష్టం లేక అంటదంటరు. నాకు నా భూమి పోతది అత్తమ్మా. నీకు మల్ల గా కావడి వస్తది."

ముసలామె కోడలి మొహం చూడలేదు. గొంతు తగ్గించింది. "ఊరంతటికి చెప్పుకున్నక ఇప్పుడెట్ల చెప్పమంటవే? పటేలమ్మ గుక్కెడు నీళ్లకు పరాయోళ్ల కాళ్లు పట్టుకున్నదని బిక్షమ్మ రేపు చెరువుకాడ చెప్పదా? మనల కోతుల లెక్క ఆడిచ్చిన్రని చెప్పాల్నా? ఉప్పునీళ్లు తాగి సస్త గని, ఈ ఊరి ముంగట మొఖం చిన్న చేసుకోను."

"అయితె పోతనంటవు?"

"మగోళ్లు పోదమంటె పోకేం చేస్త? నీ సంగతి నువ్వు చూసుకో. నన్ను మాత్రం దీంట్లకు గుంజకు."

యాదలక్ష్మి చింతపండు ఉండను గట్టిగా నొక్కింది. ఇంతసేపూ ఆమెకు అత్తగారంటే కోపమే ఉండేది. ఇప్పుడు కోపం పోయింది. కోపం పోయిన చోట ఏమొచ్చిందో అది కోపం కంటే చల్లగా ఉంది. బిక్షమ్మ నవ్వుతుందన్న భయంతో ఒక మనిషి ముసలితనమంతా ఉప్పునీళ్లలో గడపడానికి సిద్ధపడుతోంది. దానికి మర్యాద అని పేరు పెట్టుకుంది. ఇలాంటి మర్యాదకు ఎదురు చెప్పకూడదనే, అరుగు మీద తను అన్నాళ్లూ "ఆ" అంటూ వచ్చింది.

గురువారం కోటిలింగం దిగాడు. దేవరకొండ దాకా బస్సు, అక్కడి నుంచి పటేలు పంపిన బండి. తెల్లటి పంచె, ఎండకు కందిన ఎర్రటి మొహం. రాగానే చెంబెడు నీళ్లు గటగటా తాగి, "అబ్బ, ఏం నీళ్లండీ మీవి! చల్లగా, తియ్యగా ఉన్నాయి" అన్నాడు. రఘుపతిరెడ్డి ఆ మాట పట్టించుకోలేదు. రాళ్లలోంచి వచ్చే నీళ్లను మెచ్చుకునేవాణ్ని చూసి జాలిపడ్డట్టు నవ్వాడంతే.

మధ్యాహ్నం మోదుగాకు విస్తళ్లు వేశారు. నడుమ రఘుపతిరెడ్డి, కుడివైపు కోటిలింగం, ఎడమవైపు పురుషోత్తం, అతని పక్కన కమల. పప్పు, పచ్చిపులుసు, వంకాయ, మామిడికాయ తొక్కు. యాదలక్ష్మి వడ్డిస్తోంది. ఆండాళమ్మ వంటింటి తలుపు చాటున నిలబడి, ఏది తక్కువైందో చూస్తోంది.

"అమ్మాయిగారు బాగున్నారాండీ? పాలెంలో అందరూ మిమ్మల్ని తలుచుకుంటుంటారు" అన్నాడు కోటిలింగం.

"ఏమని తలుచుకుంటరు?" అంది యాదలక్ష్మి.

"ఆ నైజాం వాళ్లు మళ్లీ ఎప్పుడొస్తారో, వాళ్లుంటే పొద్దుపోయేది అని."

రఘుపతిరెడ్డి ఆ మాటకు తెగ సంతోషించాడు. యాదలక్ష్మి పప్పు గరిటె ఆయన విస్తట్లో వంచింది.

కోటిలింగం ఇళ్ల సంగతి చెప్పుకొచ్చాడు. వసారాలోంచి చూస్తే అలలు కనిపిస్తాయన్నాడు. బెజవాడ ప్లీడరొకాయన ఒకటి తీసుకున్నాడనీ, ఆయన వేసవి సెలవులకు వచ్చి పోతాడనీ అన్నాడు. అతని మాటల్లో మోసమేమీ కనిపించలేదు. తన ఊరంటే ఇష్టమున్న మనిషి మాట్లాడినట్టే మాట్లాడాడు.

"రేపు సావుకారి వస్తడు, పని అయిపోతది" అన్నాడు రఘుపతిరెడ్డి, తొక్కు కలుపుకుంటూ. "వైశాఖం పోకముంగటనే సామాన్లు కట్టుడు. నీళ్ల కరువు పీడ ఇగ మన వంశానికే ఉండదు."

"కోటిలింగం గారూ" అంది యాదలక్ష్మి. "ఈ నెలల మీ ఇంట్ల తాగే నీళ్లు ఏడికెళ్లి వస్తున్నయి?"

"చెరువు నుంచేనండి. కావడి మీద. మీకు పోసిన నాగులమ్మే మాకూ పోస్తుంది." అతను అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని నమిలి మింగాడు. "ఈ ఏడు ఎండలు ముందే ముదిరాయి, బావి నీళ్లు ఇప్పుడు పశువులు కూడా ముట్టవు కదండీ."

రఘుపతిరెడ్డి చెయ్యి విస్తట్లో ఆగిపోయింది. "ఏ బాయి?"

"మన ఇసక బావులేనండి. వానాకాలం నీరు ఇసకలో పైపైన నిలుస్తుంది, తియ్యగా ఉంటుంది. ఎండలు ముదిరితే అది అయిపోయి అడుగునున్న ఉప్పు పైకొస్తుంది. సముద్రం పక్కన ఎక్కడైనా అంతే కదండీ."

"మరి ఆనాడు నాకు చెప్పలేదేం?"

"మీరు అడగలేదు కదండీ. నీరు ఎంత లోతులో ఉందన్నారు, చూపించాను." కోటిలింగం అందరి మొహాలూ చూసి తికమకపడ్డాడు. "పైగా అమ్మగారు నిరుడు వేసవంతా అక్కడే ఉన్నారు. ఆవిడ చెప్పే ఉంటారనుకున్నాను."

అందరి కళ్లూ వంటింటి తలుపు వైపు తిరిగాయి.

"ఏమే?" అన్నాడు రఘుపతిరెడ్డి.

తలుపు చాటు నుంచి గాజుల చప్పుడు. "జర్రంత ఉప్పగుంటయి" అంది ఆండాళమ్మ. "అలవాటయితది."

యాదలక్ష్మి మామగారి మొహాన్నే చూస్తోంది. నిజం తెలిసింది కాబట్టి ఇక ఆగుతాడనుకుంది. ఒక్క క్షణం ఆయన మొహం దారి తప్పిన పిల్లవాడి మొహంలాగా అయింది. ఆ క్షణంలో ఆమెకు జాలి కూడా కలగబోయింది. అంతలో ఆయన తల ఎత్తాడు. తల మీద టోపీ లేకపోయినా ఉన్నట్టు సర్దుకున్నాడు.

"అయితె ఏమాయె?" అన్నాడు. "కావడి మీద తెప్పిచ్చుకుంటం. మన ఇంట్ల ఎవలన్న నీళ్లు చేదుకొని తాగిన్రా ఇన్నొద్దులు? ఇద్దరు మనుషులను పెడత. తాలూకా అంతటికి చెప్పిన, తహసీల్దారుకు చెప్పిన, పోలీసు అమీనుకు చెప్పిన. ఇప్పుడు ఉప్పునీళ్లకు జడిసి ఎనకకు పోతనా? పోవుడు పోవుడే. వైశాఖంలనే."

"అవును బాపు" అన్నాడు పురుషోత్తం.

కోటిలింగం విస్తట్లోకి వంగాడు. పచ్చిపులుసు మీదే దృష్టి పెట్టాడు.

యాదలక్ష్మి ఒక్కొక్కర్నీ చూసింది. నీళ్ల కోసం ఊరు వదులుతానన్నవాడు, నీళ్లు లేవని తెలిశాక కూడా వదులుతానంటున్నాడు. మొదట నీళ్లే కారణం, ఇప్పుడు తహసీల్దారు కారణం. రేపు ఇంకెవరో. వీళ్లకు నిజం చెప్పి ఆపవచ్చునని ఇన్నాళ్లు తను అనుకోవడమే తెలివితక్కువ. వీళ్లకు కావలసింది నిజం కాదు, దోసిట్లో పట్టి నలుగురికీ చూపించుకునేదేదో. అత్తగారి చేత చెప్పించాలని, కోటిలింగం చేత చెప్పించాలని చూసింది. తను చెప్పాల్సిన మాట మాత్రం ఈ ఇంట్లో ఇంతవరకూ చెప్పలేదు.

గరిటె గిన్నెలో పెట్టి, గిన్నె కింద పెట్టింది.

"మామా, మీరు పోండ్రి. నేను రాను."

రఘుపతిరెడ్డికి మొదట వినపడలేదు. వినపడ్డాక నమ్మబుద్ధి కాలేదు. "ఏమన్నవు?"

"ఆ భూమి నా పసుపు కుంకుమలది. అమ్మాలంటె నా నోటితోటి అవునని అనాలె. నేను అనను."

"లచ్మీ!" అన్నాడు పురుషోత్తం, అన్నం చేతిని గాల్లోనే ఉంచి. "చుట్టం ముంగట గిట్లనా?"

"చుట్టం ముంగటనే చెప్పాలె. పాపం, ఆయన మల్ల గంత దూరం బస్సెక్కి రావొద్దు."

తలుపు చాటున ఆండాళమ్మ "ఓ పిల్లా, ఊకో!" అంది, బతిమాలుతున్నట్టుగా. రఘుపతిరెడ్డి కలిపిన ముద్దనే మళ్లీ కలిపాడు. ఇంట్లో ఆయన మాటకు ఎదురు మాట ఇంతవరకూ పుట్టలేదు. అందుకని దానికి ఏం చెప్పాలో ఆయనకు తెలియదు. తెలియదని యాదలక్ష్మికి అప్పుడే అర్థమైంది. ఇన్నేళ్లుగా తను భయపడింది ఇంతేనా అనిపించింది.

"సావుకారికి పొద్దుగాలనే కురుమయ్యతోటి చెప్పి పంపిన, రేపు రావొద్దని" అంది. గొంతు పెంచలేదు. "భూమి అమ్మేది లేదు. నేను, కమల ఈడనే ఉంటం. మీ కొడుకు మీతోటి వస్తనంటె తోలుకపొండ్రి. ఉంటనంటె ఉండనియ్యిండ్రి."